క్లీనర్ ఎప్పుడు డ్రైవరవుతాడు: ఒక లారీ ఆట రెండో భాగంపై కేస్ స్టడీ

ఆట పేరు, స్టూడియో పేరు చెప్పను. ఒప్పందంలో ఆ షరతు ఉంది. కంప్యూటర్‌లో ఆడే లారీ ఆట అది, దక్షిణాది రహదారుల మీద నడుస్తుంది. మొదటి భాగం ఏ ప్రచారమూ లేకుండా వచ్చి, ఆడినవాళ్లు పక్కవాళ్లకు చెప్పడంతోనే పాకింది. పాత్రలు తెలుగులో మాట్లాడే ఆటలు అరుదు కాబట్టి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లలో దానికి ఆదరణ ఇంకా ఎక్కువ. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్లలో శనివారం రాత్రి ఈ ఆట నడవని అంతస్తు ఉండేది కాదని ఒక కుర్రవాడు నాతో అన్నాడు. కొంత అతిశయోక్తి ఉండవచ్చు.

రెండో భాగం మాత్రం మేళతాళాలతో వచ్చింది. ట్రైలర్లు, ముందస్తు బుకింగులు, రోజుకొక పోస్టరు. విడుదలైన కొద్ది రోజులకే, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆట పేరు కింద ‘మిశ్రమం’ అన్న ముద్ర పడింది, అంటే మెచ్చినవాళ్లూ ఉన్నారు, తిట్టినవాళ్లూ ఉన్నారు. తిట్టినవాళ్ల సమీక్షల్లో ఎక్కువగా కనిపించిన మాట ‘కొత్తగా ఏమీ లేదు’.

ఆటలను మనుషుల చేత ఆడించి, వాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారో, ఎక్కడ విసుగెత్తి లేచిపోతున్నారో చూసి చెప్పడం నా వృత్తి. మామూలుగా స్టూడియోలు విడుదలకు ముందు వస్తాయి. వీళ్లు విడుదల తర్వాత వచ్చారు. అప్పటికి బాగుచేయడానికి మిగిలేది తక్కువ, తెలుసుకోవడానికి మిగిలేది ఎక్కువ.

నిర్మాతది అనంతపురం జిల్లా. వస్తూనే బల్ల మీద ఒక జాబితా పరిచారు. మొదటి భాగం తర్వాత ఆటగాళ్లు ఈమెయిళ్లలో, సర్వేల్లో అడిగినవన్నీ అందులో వరుసగా రాసి ఉన్నాయి. దాదాపు ప్రతిదాని పక్కనా టిక్కు. పటం పెద్దది కావాలన్నారు, మంగళూరు దాకా, కొచ్చి దాకా రోడ్లు వేశారు. కొత్త లారీలు కావాలన్నారు, ఇచ్చారు. రిటర్న్ లోడు కోసం బ్రోకర్ల చుట్టూ తిరగడం విసుగన్నారు, ఫోనులో లోడు దొరికే ఏర్పాటు చేశారు. దారి గీత కనిపించాలన్నారు, కనిపించింది. పంక్చర్లు తగ్గించమన్నారు, తగ్గించారు. వాన, ఏసీ క్యాబిన్, మంచి హెడ్‌లైట్లు అన్నీ వచ్చాయి.

‘‘అడిగినవన్నీ ఇచ్చాం కదండీ. ఇంకా కొత్తది కావాలంటే ఎక్కడి నుంచి తేవాలి?’’ అన్నారు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ జాబితా అబద్ధం కాదు, ఆ బృందం పడిన కష్టమూ అబద్ధం కాదు. పరీక్ష మొదలుపెట్టే ముందు నేను స్టూడియోకు చెప్పినది ఒక్కటే: ఆటగాళ్లు అబద్ధమాడుతున్నారన్న ఊహ పక్కన పెడదాం, మీరు సోమరులన్న ఊహ కూడా పక్కన పెడదాం. రెండూ నిజం కాకుండానే ఈ ఫలితం ఎలా వచ్చిందో చూద్దాం.

మొదటి భాగంలో ఏముంది

రెండో భాగాన్ని తెరవక ముందు మొదటి భాగాన్ని మళ్లీ ఆడాను. బొమ్మలు సాదాసీదాగా ఉంటాయి. ఆట మొత్తం మీద నాలుగైదు రకాల లారీలు, ఒకటే పెద్ద దారి. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు, అక్కడి నుంచి హోసూరు, కృష్ణగిరి, సేలం. అంటే 44వ నంబరు జాతీయ రహదారిలో ఒక ముక్క. అయినా గంటలు తెలియకుండా గడిచిపోయాయి.

కారణం తొప్పూరు ఘాట్ దగ్గర స్పష్టమైంది. ధర్మపురికి, సేలానికి మధ్య ఉన్న ఆ దిగుడు లారీ ప్రమాదాలకు పేరుమోసింది. పెద్ద లోడుతో దిగేటప్పుడు తక్కువ గేరులో, ఇంజను పట్టుతో దిగాలి. న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ మిగులుతుందని చాలామంది డ్రైవర్ల నమ్మకం. అలా వదిలితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాలిపోయి పట్టు తప్పుతాయి, పదేపదే తొక్కితే ఎయిర్ బ్రేకుల్లో గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది. మొదటి భాగంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. చేతిలో డబ్బు అయిపోయి, కిస్తీ కట్టాల్సిన గడువు ముంచుకొచ్చినప్పుడు, ఘాట్ పైన లారీ ఆపి, ‘ఈసారికి న్యూట్రల్‌లో దిగిపోదామా’ అని మనకు మనమే అడుగుతాం. ఆ ఒక్క ఘాట్‌లో ఆట ఉంది. ఓవర్‌లోడు ఎక్కించాలా, రాత్రి ధాబా దగ్గర పడుకోవాలా లేక నడిపేయాలా, సేలంలో చవక కిరాయికి రిటర్న్ లోడు ఒప్పుకోవాలా లేక మరో రోజు కాచుకోవాలా వంటి ప్రశ్నలు దాని చుట్టూ తిరుగుతాయి.

రెండో కారణం క్లీనర్. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. స్టెప్నీ దించుతాడు, అద్దం తుడుస్తాడు, రివర్స్‌లో వెనక నిలబడి కేకలేస్తాడు, రాత్రి నిద్ర రాకుండా కబుర్లు చెబుతాడు. ఆట చివర్లో స్టీరింగు మీద చెయ్యి వేసి, ‘‘అన్నా, నాకెప్పుడు నేర్పిస్తావు?’’ అని అడుగుతాడు. అక్కడితో మొదటి భాగం అయిపోతుంది.

ఎలా చూశాం

రెండు గుంపులను పిలిచాను. మొదటి భాగాన్ని విపరీతంగా ఆడినవాళ్లు ఒక గుంపు, అసలు ఆడనివాళ్లు మరో గుంపు. పాత ఆటగాళ్లను పట్టుకోవడం సులువైంది. మొదటి భాగం సేవ్ ఫైలును రెండో భాగంలోకి తెచ్చుకున్నవాళ్లకు స్టూడియో ఒక ప్రత్యేక హారను బహుమతిగా ఇచ్చింది, ఆ హారను ఉన్న ఖాతాలన్నీ పాతకాపులవే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లు. చిత్తూరు, కర్నూలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టి ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడేవాళ్లు కూడా.

ఇటువంటి పరీక్షలో ‘నచ్చిందా’ అని అడగడం దండగ. ఎదురుగా కూర్చున్న మనిషి నొచ్చుకోకుండా ఉండేలా జవాబు చెబుతారు. ఆడుతున్నవారు చెయ్యి ఆపి ఆలోచించిన ప్రతిచోటా మేము కాగితం మీద ఒక గీత గీస్తాం. దారి తెలియక ఆగితే ఒక రంగు, ఏది ఎంచుకోవాలో తేలక ఆగితే మరో రంగు. మొదటి రంగు గీతలు ఎక్కువైతే ఆట అర్థం కావడం లేదని. రెండో రంగు గీతలు లేకపోతే ఆటలో ఆడటానికేమీ లేదని.

కొత్తవాళ్ల కాగితాలు ఆరోగ్యంగానే ఉన్నాయి. అక్కడక్కడా తికమక, అక్కడక్కడా నిజమైన తర్జనభర్జన. వాళ్లకు ఆట నచ్చింది కూడా. ఒకమ్మాయి సమయం అయిపోయినా కుర్చీ వదల్లేదు.

పాతవాళ్ల కాగితాలు దాదాపు తెల్లగా ఉన్నాయి.

వాళ్లు ఎక్కడా తికమకపడలేదు, ఎక్కడా ఆలోచించలేదు. మొదటి భాగంలో వందల గంటలు ఆడి నేర్చుకున్న విద్య మొదటి నిమిషం నుంచే పూర్తిగా పనికొచ్చింది, దాని మీద మరొక్క మెట్టు కూడా ఎక్కాల్సిన అవసరం రాలేదు. కొంతసేపటికి ఎడమచేత్తో ఫోను చూసుకుంటూ కుడిచేత్తో ఘాట్ దిగుతున్నవాళ్లు కనిపించారు. సమీక్షల్లో ‘కొత్తగా ఏమీ లేదు’ అని రాసినవాళ్లు వీళ్లే. లారీలు, ఊళ్లు, వాన కనబడక రాసిన మాట కాదది. అవి కనబడ్డాయి, వాటి గురించి ఏ నిర్ణయమూ తీసుకోవాల్సిన పని పడలేదు.

టిక్కు పెట్టిన జాబితా చేసిన పని

ఇక్కడ నిర్మాత జాబితాను మళ్లీ తీశాను. ఒక్కొక్క టిక్కు పక్కన, ఆ సౌకర్యం వల్ల ఆటలో నుంచి ఏ ప్రశ్న తప్పుకుందో రాస్తూ పోయాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

ఫోనులో రిటర్న్ లోడు వచ్చేసరికి, సేలంలో కాచుకోవాలా వద్దా అన్న ప్రశ్న పోయింది. దారి గీత వచ్చేసరికి, టోల్ గేటు తప్పించుకుని పాత రోడ్డులో వెళ్దామా అన్న ఆలోచన పోయింది. కొత్త లారీలకు రిటార్డర్ పెట్టారు. ఇంజను, గేర్‌బాక్సు వైపు నుంచే వేగాన్ని అదుపు చేసే పరికరం అది, బ్రేకులు వేడెక్కవు. నిజజీవితంలో చాలా మంచి పరికరం. ఆటలో మాత్రం తొప్పూరు ఘాట్‌ను మామూలు రోడ్డు చేసేసింది. పంక్చర్లు తగ్గేసరికి క్లీనర్‌కు పని లేకుండా పోయింది. రెండో భాగం పొడుగునా ఆ కుర్రవాడు నీళ్ల సీసా అందిస్తూ, కొత్తగా రికార్డు చేసిన పాత జోకులు వేస్తూ కూర్చుంటాడు.

ఆటగాళ్లు అడిగినవన్నీ తమకు ఇబ్బంది కలిగించినవాటి గురించి. ఇబ్బంది పడినచోటే వాళ్లు ఆలోచించారు, ఆలోచించినచోటే ఆనందించారు. ఆ సంబంధం ఆటగాడు చూడనక్కర్లేదు, డిజైనర్ చూడాలి. ‘ఆట అంటే ఆసక్తికరమైన నిర్ణయాల వరుస’ అన్న అర్థం వచ్చే మాట సివిలైజేషన్ అన్న ఆటల వరుస సృష్టికర్త సిడ్ మైయర్ పేరు మీద చలామణిలో ఉంది. మా రంగంలో అది గోడ మీద రాసుకునే సూక్తిగా మారి అరిగిపోయింది. ఇంతమంది ఆ సూక్తి వల్లించే రంగంలోనే ఒక ఆట నుంచి నిర్ణయాలను ఒక్కొక్కటిగా ఏరి పారేసి, దానికి ‘మెరుగుదల’ అని పేరు పెట్టడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ట్రైలర్ సంగతి వేరే చెప్పాలి. అందులో జడివానలో రాత్రిపూట ఒక ఘాట్, జారుతున్న లారీ, స్టీరింగు మీదికి వంగిన క్లీనర్ కనిపిస్తారు. ఆట ఆడితే అది మధ్యలో వచ్చే వీడియో మాత్రమే. ఆటలోని వానకు రోడ్డు మెరుస్తుంది, చక్రం జారదు. వేరే కంపెనీలు చేసిన పెద్ద వాగ్దానాల ముందు ఇది చిన్నదే. ఓవర్‌వాచ్ 2 అన్న కాల్పుల ఆటను 2019లో ప్రకటించినప్పుడు కథతో సాగే సహకార ఆటను ప్రధాన ఆకర్షణగా చూపించారు, 2023 మే నెలలో అందులో ముఖ్యభాగాన్ని రద్దు చేశామన్నారు, ఆగస్టులో స్టీమ్‌లోకి వస్తే తిట్ల సమీక్షలు ముంచెత్తాయి. అయినా మా ఆటగాళ్లకు ఆ ట్రైలర్ తగిలిన చోటు సున్నితమైనది. ఆ కుర్రవాడు స్టీరింగు మీదికి వంగాడంటే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడని అందరూ అనుకున్నారు.

పలమనేరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, వాళ్ల నాన్నకు సొంత లారీ ఉండేదట, ఆట ఆపి నా వైపు తిరిగి అడిగాడు: ‘‘అక్కా, వీడు ఎప్పటికి డ్రైవరవుతాడు? మా నాన్న దగ్గర చేరిన క్లీనర్లందరూ మూడు నాలుగేళ్లలో స్టీరింగు పట్టుకున్నారు. వీడింకా నీళ్ల సీసా అందిస్తున్నాడేమిటి?’’

నివేదికలో మొదటి పేజీలో ఆ ప్రశ్ననే రాశాను.

పాత బొమ్మల గొడవ

స్టూడియోలో నివేదిక చదివిన రోజు కళా విభాగం అధిపతి అడ్డుపడ్డారు. ఆటగాళ్ల అసంతృప్తికి కారణం పాత వస్తువులను తిరిగి వాడటమేనని ఆయన వాదన. టోల్ గేట్లు, ధాబాలు, ఎద్దుల బండ్లు మొదటి భాగంవే. వాటిని మార్చడానికి మరో ఏడాది ఇవ్వండి, అన్నీ సర్దుకుంటాయన్నారు.

నేను ఒప్పుకోలేదు. జెల్డా అన్న ఆటల వరుసలో 2000లో వచ్చిన మేజోరాస్ మాస్క్, 1998 నాటి ఒకరీనా ఆఫ్ టైమ్ బొమ్మలను, ముఖాలను విస్తారంగా తిరిగి వాడుకుంది. అయితే మూడు రోజుల్లో చంద్రుడు ఊరి మీద పడతాడన్న గడియారం పెట్టి, ఆ మూడు రోజులను మళ్లీ మళ్లీ బతకమంది. పాత ముఖాలే, కానీ ఎవరికి ఎప్పుడు ఏ సాయం చేయాలన్న లెక్క పూర్తిగా కొత్తది. అదే వరుసలో 2023 నాటి టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ కూడా చాలావరకు అంతకుముందు 2017లో వచ్చిన ఆటలోని నేల మీదే నడుస్తుంది. చేతికి దొరికిన వస్తువులను అతికించి బండ్లు, పడవలు కట్టుకోనిచ్చింది కాబట్టి ఆ నేల మళ్లీ కొత్తగా అనిపించింది.

‘ఇది అదనపు పటంగా అమ్మితే సరిపోయేది’ అన్న ఫిర్యాదు మాత్రం తేలిగ్గా తీసుకోదగినది కాదు. లారీ ఆటలు ఆడేవాళ్ల ముందు ఒక నమూనా ఉంది. 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఇప్పటికీ కొత్త దేశాలను అదనపు భాగాలుగా చేర్చుకుంటూ నడుస్తోంది. పేరు పక్కన 3 పెట్టి పూర్తి ధర అడగలేదు. మావాళ్లు రోడ్లు, లారీలు పెంచి పేరు పక్కన 2 పెట్టారు. లెఫ్ట్ ఫర్ డెడ్ 2 అన్న కాల్పుల ఆట మీద కూడా 2009లో ఇదే గొడవ జరిగింది. మొదటిది వచ్చిన ఏడాదికే రెండోదా అని వేలమంది బహిష్కరణకు పిలుపునిచ్చారు. దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ ఆ ఉద్యమం నడిపినవాళ్లలో ఇద్దరిని తమ కార్యాలయానికి పిలిపించి ఆడించింది. ఆ ఆటలో చేత్తో కొట్టే ఆయుధాలు, కొత్త శత్రువులు ఆడే తీరునే మార్చాయి కాబట్టి గొడవ చల్లారింది. మా ఆటలో ఆ మార్పు లేదు, కాబట్టి ఎవరిని పిలిపించినా లాభం లేదు.

కొత్తదనం ఎంత ఉండాలన్నదానికి కొలత ఉందా అని నిర్మాత అడిగారు. సివిలైజేషన్ బృందం ఒక లెక్క చెబుతూ ఉంటుంది: మూడో వంతు పాతది, మూడో వంతు మెరుగుపరిచింది, మూడో వంతు సరికొత్తది. మంచి లెక్కే. అదే వరుసలో 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో ఆటలో యుగం మారినప్పుడల్లా నాగరికతనే మార్చుకోవాల్సి రావడం చాలామంది పాతవాళ్లకు మింగుడు పడలేదు, స్టీమ్‌లో దానికీ ‘మిశ్రమం’ ముద్రే దక్కింది. కొత్తదనం దానికదే మందు కాదు. మా కేసులో మాత్రం ఆ ప్రమాదానికి ఆమడ దూరంలో ఉన్నాం.

ఏం మార్చాం

విడుదలైన ఆటలో సౌకర్యాలను వెనక్కి లాక్కోవడం కుదరదు. ఇచ్చిన రిటార్డర్‌ను ఊడబీకితే జనం ఇంకో రకంగా తిడతారు. అందుకని సౌకర్యాలను అలాగే ఉంచి, వాటికి ధర పెట్టమన్నాం. ఫోనులో దొరికే లోడుకు కమీషన్ కోస్తారు, పైగా మంచి కిరాయిలు అక్కడ కనిపించవు. బ్రోకరు దగ్గరికి వెళ్లి టీ తాగి కూర్చుంటే దొరుకుతాయి.

రెండో సూచన ఇంజను గురించి. రెండో భాగంలో లారీలన్నీ బీఎస్-6వి. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆ కాలుష్య ప్రమాణాల ఇంజన్లలో డీజిల్ సరఫరా ఎలక్ట్రానిక్ అదుపులో ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే దిగుడులో సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వదిలితే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి ఎంతోకొంత తాగుతూనే ఉంటుంది. అంటే మొదటి భాగంలో డబ్బు మిగిల్చిన పాత కిటుకు ఇప్పుడు ప్రమాదమే కాదు, నష్టం కూడా. ఆటలో ఈ తేడా లేనే లేదు, పాత లెక్కనే కొత్త లారీకి అతికించారు. దీన్ని మార్చడానికి ఇంజనీర్లకు పెద్ద సమయం పట్టలేదు. పాతకాపుల కాగితాల మీద మొదటిసారి గీతలు పడింది ఇక్కడే.

సరుకు రవాణాకు లారీ వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లును కూడా ఆటలోకి తెమ్మన్నాను. దూరాన్ని బట్టి, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దాని గడువు ఉంటుంది, పంక్చరై ఆగిపోతే గడువు కరుగుతుంది, మంచి ఒత్తిడి. ‘‘మా ఆటలో కాగితాల గోల వద్దండీ, పొద్దంతా ఆఫీసులో అదే పని చేసి వస్తున్నారు పిల్లలు’’ అని నిర్మాత కొట్టిపారేశారు. ఆయన చెప్పింది సబబే.

మూడోది క్లీనర్. దీన్ని కంప్యూటర్‌లో కట్టక ముందు కాగితం మీద ఆడించాం. రాత్రి అలసిపోయినప్పుడు స్టీరింగు కుర్రవాడికి ఇచ్చి పడుకోవచ్చు. వాడు ఎలా నడుపుతాడన్నది మనం ఇన్నాళ్లూ ఎలా నడిపామన్నదాని మీద ఆధారపడుతుంది. మనం ఘాట్‌లో న్యూట్రల్ వేసి ఉంటే వాడూ వేస్తాడు. టోల్ తప్పించుకుని ఉంటే వాడూ తప్పిస్తాడు. మనం పక్క సీటులో నిద్రపోతూ ఉంటాం. కార్డులు, పాచికలతో ఈ ఆట ఆడినప్పుడు, తనకు ఏ ఘాట్ అయినా కళ్లు మూసుకుని దిగడం వచ్చని చెప్పుకున్న ఒక పాతకాపు మొగిలి ఘాట్ ముందు కార్డు పట్టుకుని చాలాసేపు కదల్లేదు. ‘‘వాడికి నేనేం నేర్పానో గుర్తు చేసుకుంటున్నాను’’ అన్నాడు.

స్టూడియోలో డబ్బు మిగల్లేదు కాబట్టి అనుకున్నదంతా రాలేదు. క్లీనర్ నేర్చుకునే అలవాట్లు కొన్నే పెట్టగలిగారు, కొత్త మాటల రికార్డింగు సగంలో ఆగింది. ఉచిత అప్‌డేట్‌గా విడుదల చేశారు. ఆ తర్వాత వచ్చిన సమీక్షల్లో ‘కొత్తగా ఏమీ లేదు’ అన్న మాట బాగా తగ్గింది. ఇప్పుడు తిట్లన్నీ క్లీనర్ గురించే. తన లారీని లోయలో పడేశాడని, అది అన్యాయమని. నా దృష్టిలో ఇవి ఆరోగ్యకరమైన తిట్లు. మొత్తం మీద పడిన ముద్ర మాత్రం మారలేదు. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. అలా వెళ్లిపోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు కనిపించలేదు. వెళ్లిపోయినవాళ్లు అప్‌డేట్ వివరాలు చదవరు.

మూడో భాగం కోసం సర్వే ప్రశ్నలు రాసి పెట్టమని స్టూడియో నన్నే అడిగింది. ‘ఇంకా ఏమేం కావాలి’ అన్న ప్రశ్న తీసేసి, ‘ఈ ఆటలో మీరు తీసుకున్న ఏ నిర్ణయం ఇప్పటికీ గుర్తుంది’ అని పెట్టాను. నిర్మాత చూసి, బాగుందని మెచ్చుకుని, పాత ప్రశ్నను కింద మళ్లీ చేర్చారు. అడగకపోతే ఆటగాళ్లు నొచ్చుకుంటారట. దాని మీద మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.